మా అమ్మ ఓర్వలేకపోయిన రష్యా నవల

నా చిన్నప్పుడు, ఒక వానాకాలమంతా, మా అమ్మ ఒక పుస్తకాన్ని చూసి ఓర్వలేకపోయింది. సవతిని చూసినట్టే చూసేది దాన్ని. గూట్లో ఉన్న సీసాలు, డబ్బాలు అన్నీ తీసి తుడిచేది గానీ ఆ పుస్తకాన్ని మాత్రం ముట్టేది కాదు. బొగ్గు ఊళ్ళో దుమ్ముకు కొదవ ఉండదు. పొద్దున తుడిచిన చోట సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ పుస్తకం మీద నల్లటి పొర పేరుకుంటుంటే అమ్మకు అదొక తృప్తి. మా నాన్న డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తువ్వాలుతో ఆ దుమ్ము దులిపి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

నాన్నను మేం బాపు అని పిలిచేవాళ్ళం. డెబ్బైల మొదటి సంవత్సరాలవి. గోదావరిఖనిలో, కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. రెండు గదులు, ముందు చిన్న వరండా. ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే గోడ. ఒకింట్లో పోపు వేస్తే పక్కింట్లో తుమ్మేవాళ్ళు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. బాపు ఆ బాయిలోకి దిగి, పేల్చిన బొగ్గును తట్టలతో టబ్బులనే ఇనప బండ్లలోకి నింపే పని చేసేవాడు. ఊళ్ళో ఉన్నప్పుడు ఏడో తరగతి దాకా చదివాడు. ఆ తర్వాత పొలం ఎండిపోయి, చదువు ఆగిపోయి, ఇటు వచ్చాడు. అచ్చు కనిపిస్తే చాలు, పొట్లం కట్టిన కాగితమైనా విప్పి చదివేవాడు.

ఆ రోజుల్లో అప్పుడప్పుడు పుస్తకాల వ్యాను మా కాలనీకి వచ్చేది. రష్యాలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఉండేవి అందులో. నున్నటి కాగితం, గట్టి అట్ట, ధర మాత్రం చాలా తక్కువ. అందరూ పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు కొనుక్కుంటే, బాపు ఉన్నవాటిలోకెల్లా లావుపాటిది ఎంచుకుని చంకలో పెట్టుకుని వచ్చాడు. బాపుతో పాటు ఒకే జట్టులో పనిచేసే ఒక కాక, అంటే చిన్నాన్న వరసాయన, ఉండేవాడు. మా వరుస చివరి ఇల్లే ఆయనది. ఆయన ఆ పుస్తకాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి పకపకా నవ్వాడు.

"గిదేందన్నా, తలకింద వెట్టుకుంటానికా? గింత లావు బుక్కు ఎవలు సదువుతరు? సదివితె ఏమొస్తది?"

"ఏమొస్తదో నాకేం ఎర్క? గని గింత రాసిండంటె, గాయనకు ఏదో సెప్పాల్నని ఉన్నట్టే గదరా" అన్నాడు బాపు.

అమ్మ ఓర్వలేకపోవడానికి కారణం తెలియాలంటే అంతకు ముందటి ఎండాకాలం సంగతి చెప్పాలి. నాకూ మా తమ్ముడికీ ఒకేసారి జ్వరం తగిలింది. నేను లేచాను. వాడు లేవలేదు. వాడికి అప్పుడప్పుడే అడుగులు వస్తున్నాయి. గోడ పట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, చివరికి చేరగానే వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి నవ్వేవాడు. వాణ్ణి మట్టి చేసి వచ్చేదాకా బాపు కంట్లో చుక్క నీరు ఎవరూ చూడలేదు. మర్నాడు పొద్దున సైరన్ కూయగానే లేచి, టిఫిన్ డబ్బా తనే సర్దుకుని, ఇంటినిండా చుట్టాలు ఉండగానే మొదటి షిఫ్టుకు వెళ్ళిపోయాడు. మా మేనత్త కూడా సొంత తమ్ముణ్ణి వెనకేసుకు రాలేకపోయింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మా అమ్మ, బాపు పోయిన వైపే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత మా ఇంట్లో కొట్లాటలేమీ కాలేదు. అయితే బాగుండేదేమో. అమ్మ అవసరానికి మించి బాపుతో మాట్లాడేది కాదు. బియ్యం అయిపోయినయ్ అనేది. నీళ్ళు కాగినయ్ అనేది. అంతే. బాపు కూడా అంతే. నేను బతికినందుకు మొక్కు తీర్చడానికి వేములవాడ తీసుకుపోయి నాకు గుండు చేయించారు. ఆ ప్రయాణంలో బస్సులో ఇద్దరి మధ్యా నేను కూర్చున్నాను. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఇద్దరూ మాట్లాడింది నాతోనే.

ఇలాంటి ఇంట్లోకి ఆ పుస్తకం వచ్చింది. బాపు చదువు చూడ ముచ్చటగా ఉండేది. వాక్యం కింద వేలు ఆనించి, పెదాలు కదుపుతూ, గతుకుల దారిలో బండి నడిపినట్టు మెల్లగా పోయేవాడు. ఎంతవరకు చదివాడో అక్కడ బీడీకట్ట మీది కాగితం పెట్టుకునేవాడు. చదివిందంతా కాకకు చెప్పేవాడు. సాయంత్రం కాక మా వరండాలోకి వచ్చి, "ఇగ సెప్పే, ఆమె ఏమైంది?" అని అడిగేవాడు. పుస్తకం ఎవరు చదువుతారని నవ్విన మనిషే, కథ మాత్రం ఒక్క రోజు కూడా వదల్లేదు.

ఆమె అంటే ఆ నవలలో ఉన్న ఆవిడ. రష్యా పుస్తకాల్లో ఒక్కో మనిషికి ఎన్ని పేర్లుంటాయో చదివినవాళ్ళకు తెలుసు. పెట్టిన పేరొకటి, తండ్రి పేరు కలిపి గౌరవంగా పిలిచేదొకటి, ఇంట్లో ముద్దుగా పిలిచేదొకటి. బాపు పుస్తకంలో ఎక్కడ ఎలా ఉంటే అలాగే చెప్పేవాడు. లోపల పొయ్యి ముందు కూర్చుని బొగ్గులు ఎగదోస్తున్న అమ్మ చెవిన ఆ పేర్లన్నీ పడేవి. నెలలుగా తనతో నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఎవరో ఆడవాళ్ళ గురించి గొంతు తగ్గించి, జాలిగా చెబుతుంటే అమ్మకు ఎలా ఉండేదో అప్పుడు నాకు తెలియదు. ఒక రోజు రొట్టె కాలుస్తూ నన్ను అడిగింది.

"ఎంతమందే ఆడోళ్ళు గా బుక్కుల? ముగ్గురా?"

నాకేం తెలుసు, ముగ్గురే అన్నాను. అమ్మ రొట్టెను పెనం మీద ఎంత గట్టిగా అదిమిందంటే అది నల్లగా మాడిపోయింది.

వానలు బాగా పట్టిన రోజుల్లో ఒక సాయంత్రం అమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. నేను కొంగు పట్టుకుని వెనకే ఉన్నాను. బాపు పుస్తకం మీదికి వంగి ఉన్నాడు. తువ్వాలు కళ్ళకు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. అమ్మను చూసి గబగబా తుడుచుకున్నాడు.

"ఏమైంది?" అంది అమ్మ. భయపడింది పాపం. బాయిలో ఎవరికైనా ఏమైనా అయిందేమో అనుకుంది.

"ఏం లేదు. గిండ్ల… ఆమె పిలగాడు సచ్చిపోయిండు."

అమ్మ గ్లాసు కింద పెట్టింది. లోపలికి వచ్చి, పొయ్యి ముందు కూర్చుని, నిప్పుల్లోకి చూస్తూ ఉండిపోయింది. మర్నాడు పక్కింటి ఆవిడతో గోడ దగ్గర నిలబడి చెబుతుంటే విన్నాను.

"నా కొడుకు పోయిననాడు సుక్క రాలలే గా మనిషికి. యాడనో మంచు దేశంల ఎవరి పిలగాడో పోతె తువ్వాల తడిసేదాక ఏడుస్తుండు. గామె కాడ ఏమున్నదో, నా కాడ ఏం లేదో నాకు తెల్వాలె అక్కా."

తెలుసుకోవాలంటే చదవాలి. అమ్మకు అక్షరం రాదు. బాపు మొదటి షిఫ్టుకు పోయిన ఒక రోజు, మధ్యాహ్నం పని ముగించుకుని, గూట్లోంచి ఆ పుస్తకాన్ని కొంగుతో పట్టుకుని తీసి నా ముందు పెట్టింది. బడి మాకు పొద్దుటి పూటే, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసేదాన్ని.

"నీకు సదువొస్తది గదనే. మొదటి సంది సదువు."

నాకు ఎంత గొప్పగా అనిపించిందో! చాప మీద బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టాను. ఐదో తరగతి చదువు నాది. మొదటి పేజీలోనే నాలుగు పొడుగు పేర్లు. ఒక్కోదాన్ని కూడబలుక్కుని చదివేసరికి ముందు వాక్యం మరిచిపోయేదాన్ని. అమ్మ చాలాసేపు ఓపిక పట్టింది. ఎవరు ఎవరికేమవుతారని అడిగితే చెప్పలేకపోయాను. చివరికి నా వీపు నిమిరి, "సాలు తియ్యి బిడ్డ. ఇది నీతోని కాదు. పక్కింటక్కను పిలుసుకరాపో" అంది.

పక్కింటి ఆవిడ కూతురే ఆ అక్క. క్రైస్తవులు వాళ్ళు. వాళ్ళ నాన్న బాయి ఆఫీసులో క్లర్కు. అక్క హైస్కూలు చదువు ముగించి, టీచర్ ట్రైనింగులో సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉంది. ఆదివారం చర్చిలో నిలబడి వాక్యం చదివేది ఆమే. దారినపోయేవాళ్ళు కూడా ఆగి వినేలా చదివేది. నడుము దాటిన జడ. నాకేమో మొక్కు తర్వాత అప్పుడప్పుడే మొలిచిన ముళ్ళపంది ముళ్ళలాంటి వెంట్రుకలు. చర్చిలో చదివే అక్క అంటే అంతకు ముందు నాకు ఇష్టమే. మా ఇంటికి వచ్చి చదవడం మొదలుపెట్టాక మాత్రం ఆమె గుమ్మంలో చెప్పులు విప్పుతున్న చప్పుడు వింటే చాలు, కడుపులో మంట మొదలయ్యేది.

మా అమ్మ ఎవరి దగ్గరా ఊరికే ఏదీ తీసుకునే మనిషి కాదు. అక్క చదువుతుంటే ఆమె వెనక పీట వేసుకుని కూర్చుని, జడ విప్పి, కొబ్బరినూనె పెట్టి, చిక్కు తీసి దువ్వేది. ఆ జుట్టంతా ముందుకీ వెనక్కీ తిప్పుతూ, పాయలు తీస్తూ, మళ్ళీ అల్లుతూ ఉండేది. తమ్ముడు పోయాక అమ్మ చేతులు అంత నెమ్మదిగా కదలడం నేను చూడలేదు. దువ్వడానికి నా తల మీద జుట్టే లేదు. గోడకు ఆనుకుని కూర్చుని, అక్క జడనూ, అమ్మ వేళ్ళనూ, ఆ పుస్తకాన్నీ వంతులవారీగా చూసి కుళ్ళుకునేదాన్ని.

అక్క తెలివైనది. రెండో రోజుకే అమ్మకు పేర్ల తికమక తీర్చేసింది. ఒకాయనకు గుర్రాలాయన అని, ఒకామెకు పెద్దదొరసాని అని, ఒకాయనకు చెముడాయన అని తనే పేర్లు పెట్టి, వాళ్ళు వచ్చినప్పుడల్లా అలాగే చదివేది. ఆ ముగ్గురు ఆడవాళ్ళూ ఒక్కరేనని చెప్పినప్పుడు అమ్మ దువ్వెన ఆపి నోరు తెరిచింది.

"ఒక్కతేనా! ఉత్తగనే ముగ్గురి మీద కోపం వెట్టుకుంటి గదనే!"

ఆ రోజు మా ఇంట్లో నెలల తర్వాత నవ్వు వినిపించింది. నవ్వించింది అక్క. అదీ నాకు మంటే.

కోపం ముగ్గురి మీద నుంచి ఒక్కరి మీదికి వచ్చిందే గానీ పోలేదు. ఆ నవలలో ఆమె పట్నంలో పుట్టి, పల్లెలో పొలం చూసుకునే మనిషిని పెళ్ళాడి, మంచులో కూరుకుపోయే ఊరికి కాపురానికి వస్తుంది. అక్క చదువుతుంటే అమ్మ ఒక్కో సంగతికీ తనను పోల్చుకునేది. ఆమె పియానో వాయిస్తుందని వస్తే, అదేమిటని అడిగింది. పెద్ద హార్మోనియం లాంటిదని చెబితే, "నేను పొయ్యి ఊదుత" అంది. ఆమెకు తలదువ్వడానికి వేరే పనిమనిషి ఉందని వస్తే, అక్క జడ వైపు చూసి తనే నవ్వుకుంది. ఎక్కడో యుద్ధం గురించి, విందుల గురించి పేజీలకు పేజీలు వచ్చినప్పుడు ఆవులించేది. "ఇడిసిపెట్టు గివన్ని" అనేది. అక్క మాత్రం, "వద్దు చిన్నమ్మా, మల్ల తెల్వకుంట అయితది" అని చదివేది.

బాపు రెండో షిఫ్టుకో రాత్రి షిఫ్టుకో మారితే పగలు ఇంట్లో ఉండేవాడు కాబట్టి చదువు ఆగిపోయేది. ఆ రోజుల్లో అమ్మ మనసు ఊరుకునేది కాదు. గోడ దగ్గరికి పోయి, "గా చెముడాయన పెండ్లికి ఒప్పుకున్నడంటవా?" అని అక్కను అడిగి వచ్చేది. బాపుకు తెలియకూడదని అమ్మ పట్టుదల. చదవడం అయిపోగానే పుస్తకాన్ని మళ్ళీ గూట్లో అదే చోట, అదే వాలులో పెట్టేది. బీడీకట్ట కాగితం కదలనిచ్చేది కాదు. కానీ నూనె వేళ్ళను ఎవరు దాచగలరు? పేజీల అంచుల మీద మరకలు పడ్డాయి. ఒక సాయంత్రం బాపు పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం నేను చూశాను. ఆ తర్వాత నుంచి దాన్ని ఎత్తుగా ఉన్న గూట్లో కాకుండా, కిటికీ దగ్గర, అమ్మకు సులువుగా చెయ్యి అందే చోట పెట్టి డ్యూటీకి వెళ్ళేవాడు.

అలా చదువుతూ చదువుతూ ఆ చోటికి వచ్చారు. ఆ పిల్లవాడు చనిపోయే చోటికి.

అక్క ఇంటి దగ్గర ముందుగానే చూసుకుని వచ్చిందో, పేజీ తిప్పగానే కంటపడిందో తెలియదు. మా తమ్ముణ్ణి ఎత్తుకుని తిప్పిన మనిషే ఆమె కూడా. ఒక్క క్షణం ఆగింది. తర్వాత నాలుగైదు ఆకులు కలిపి ఒక్కసారి తిప్పేసి, ఏమీ జరగనట్టు చదవసాగింది. అమ్మ జడపాయల మీద ఉంది, గమనించలేదు. నేను గమనించాను. ఆ వానాకాలమంతా ఆమెలో తప్పు ఎక్కడ దొరుకుతుందా అని కాచుకుని కూర్చున్నదాన్ని నేను.

"అమ్మా, అక్క పేజీలు ఎగ్గొట్టింది! నేను జూసిన!"

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఎందుకు చెప్పావే అన్న బాధ ఒక్కటే ఉంది. నా సంబరం అక్కడే చచ్చిపోయింది. అమ్మకు అర్థమైపోయింది. దువ్వెన పక్కన పెట్టి, మెల్లగా అంది.

"నా కోసమని తిప్పినవా బిడ్డ? గాని గదే సదువు. గా ముక్క కోసమే గదా ఇన్ని దినాలు కూసున్న."

అక్క వెనక్కి తిప్పి చదివింది. ఆ నవలలో చలికాలం. బయట మంచు. పిల్లవాడికి జ్వరం. వాడు పోతాడు. తల్లి ఏడుపు రెండు పేజీలు ఉంటుంది. తండ్రి ఏడవడు. మర్నాడు తెల్లవారగానే ఇంటి వెనక్కి పోయి, గొడ్డలి తీసుకుని కట్టెలు కొట్టడం మొదలుపెడతాడు. చీకటిపడేదాకా కొడుతూనే ఉంటాడు. ఆ మర్నాడు కూడా. లోపల మంచం మీద పడి ఉన్న ఆమెకు ఒక్కో దెబ్బా వినిపిస్తుంది. ఈయన మనిషా, బిడ్డ పోతే కట్టెలు కావాల్సి వచ్చాయా అనుకుంటుంది. ఇక జన్మలో ఈ మనిషిని క్షమించనని అనుకుంటుంది.

"మంచిగ అనుకున్నది" అంది అమ్మ. అన్ని రోజుల్లో ఆమెతో అమ్మ ఏకీభవించింది అప్పుడే. సవతిలా చూసిన మనిషిని తోబుట్టువులా చూసింది.

అక్క ఆపలేదు. తర్వాతి పేజీ ఆ తండ్రిది. ఇంటి వెనక, మంచులో, అతనొక్కడే. వాడు పోయిన రాత్రి పొయ్యిలో కట్టెలు తక్కువయ్యాయి. మంట తగ్గింది. తెల్లవారాక తెద్దాంలే అనుకున్నాడు. పిల్లవాడు వణుకుతూ పోయాడు. జ్వరానికే పోయాడని వైద్యుడు చెప్పినా అతనికి ఎక్కలేదు. అందుకే కొడుతున్నాడు. ఇల్లు నిండేటన్ని, ఊరికి సరిపోయేటన్ని. గొడ్డలి చప్పుడులో తన గొంతు తనకే వినబడదని కొడుతున్నాడు. ఈ మాట అతను ఎవరికీ చెప్పడు. పెళ్ళానికి కూడా.

అమ్మ చేతిలో జడ మూడు పాయలుగా సగంలో ఆగిపోయింది. "మల్లొకపారి సదువు" అంది. అక్క ఆ పేజీ మళ్ళీ చదివింది.

"గాయన కట్టెలెందుకు గొడుతున్నడో గామెకు తెల్వదా?"

"తెల్వది చిన్నమ్మా. గామె లోపట ఉన్నది గదా. సదివేటోళ్ళకే తెలుస్తది."

"ఎవలన్న పోయి గామెకు సెప్తే బాగుండు" అంది అమ్మ.

అక్క జడ పూర్తిగా అల్లకుండానే ఆ రోజు వెళ్ళిపోయింది.

బాపు షిఫ్టు దిగి వచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. వాన వెలిసి, వరండాలో పసుపుపచ్చటి వెలుతురు. బాపు స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. చెవుల వెనక, కనురెప్పల అంచుల్లో ఎప్పటిలాగే కొంచెం నలుపు మిగిలి ఉంది. అమ్మ చాయ్ ఇచ్చి, లోపలికి పోకుండా గడపలో కూర్చుంది. నేను లోపల గోడ పక్కన ఉన్నాను. నేను ఉన్నానన్న సంగతే వాళ్ళకు గుర్తు లేదు.

"గా కట్టెలు గొట్టెటాయన…" అని మొదలుపెట్టి ఆగింది అమ్మ. "నువ్వు ఏడ్సింది గాయన కోసమా?"

బాపు గ్లాసు నోటిదాకా తీసుకుపోయి ఆపేశాడు. అమ్మ చదివించుకుంటోందని ఆయనకు తెలుసు. ఆ చోటిదాకా వచ్చిందని తెలియదు. అమ్మ మళ్ళీ అడిగింది.

"నువ్వు గా దినం బాయిల ఏం జేసినవ్?"

బాపు గ్లాసు కింద పెట్టాడు. చేతులు చూసుకున్నాడు. మా బాపు మాటకారి కాదు. అన్ని పుస్తకాలు చదివినా తన గురించి ఒక్క వాక్యం చెప్పడం రాదు ఆయనకు. ఆ రోజు చెప్పాడు.

"ఏం జెయ్యలే. టబ్బులు తమ్ముడే నింపిండు నా వంతు గూడ. నేను లోపటికి పోయి దీపం బంద్ జేసుకొని కూసున్న." తమ్ముడంటే కాక. "ఇంట్ల యాడ జూసినా వెల్తురే ఉండె. యాడ ఏడ్వాలె? బాయిల దీపం బంద్ జేస్తె నీ సెయ్యి నీకే కనవడది."

బాపు తలకు కట్టుకునే ఆ లైటును నేను రోజూ ఊహించుకునేదాన్ని. అది వెలుగుతున్నట్టే తప్ప ఆరిపోయినట్టు ఎప్పుడూ అనుకోలేదు.

అమ్మ గడపలోంచి లేచి మంచం దగ్గరికి పోయింది. "నాకెందుకు సెప్పలే?" అంది. అని బాపు భుజం మీద ఒక్కటి చరిచింది. గట్టిగానే. మళ్ళీ చరచబోయి, అదే చేత్తో ఆ భుజాన్ని పట్టుకుంది. అంతే, ఇద్దరూ ఏడ్చారు. పట్టపగలు, ముందు వాకిలి తెరిచి ఉండగా, దారిన మనుషులు పోతుండగా ఏడ్చారు. తమ్ముడి పేరు పెట్టి పిలిచి బాపు ఏడవడం మొదటిసారి విన్నాను. నాకు భయమేసింది, దుఃఖం వచ్చింది. వాటి కింద ఎక్కడో, నిజం చెప్పొద్దూ, అంత ఏడుపులోనూ నన్ను పిలవలేదే అన్న ఉక్రోషమూ ఉంది. అంతలో అమ్మే తల తిప్పి చూసి చెయ్యి చాచింది. పరిగెత్తుకుపోయి ఇద్దరి మధ్యా దూరాను. బస్సులో కూర్చున్నట్టు కాదు ఈసారి.

కొద్ది రోజులకే అక్కకు ట్రైనింగులో సీటు వచ్చి వరంగల్ వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు నన్ను పిలిచి, ఎరుపు రిబ్బన్లు ఇచ్చింది. జుట్టు వచ్చాక పెట్టుకోమంది. నేను ఆమెను ఎలా చూశానో తెలిసే ఇచ్చింది. మిగిలిన పుస్తకం ఇక నేనే చదివి వినిపిస్తానని ఎంతో ఆశపడ్డాను. అదీ జరగలేదు. సాయంత్రాలు బాపే అమ్మకు చదివి వినిపించేవాడు. వేలు ఆనించి, పెదాలు కదుపుతూ, ఈసారి పైకి. ఆయన తడబడితే అమ్మ ఇక చాలనేది కాదు, నాతో అన్నట్టు. ఆమె గురించి ఇద్దరూ వాదులాడుకునేవాళ్ళు కూడా. ఆమె తెలివితక్కువదని అమ్మ, పాపం ఆమెకేం తెలుసని బాపు. అప్పుడు కూడా నాకు ఓర్వలేనితనమే. ఎవరి మీద అని అడిగితే మాత్రం చెప్పలేకపోయేదాన్ని.

పుస్తకం అయిపోయాక కాక అమ్మను ఆటపట్టించాడు.

"వదినే, గంత లావు బుక్కు మొత్తం ఇన్నవట. ఏమున్నది దాంట్ల? నిజంగ సదవాల్సిందేనా?"

అమ్మ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి, నిజాయితీగా ఆలోచించింది.

"సగం మీద మనకు అక్కెర లేనియే ఉన్నయ్ తమ్మీ. ఎవలెవలో తింటరు, తాగుతరు, లడాయికి పోతరు. నిద్రొస్తది. గని నాలుగు పేజీలున్నయ్. గా నాలుగింటి కోసం మిగిలిందంత సదవొచ్చు."

"గట్లయితె గా నాలుగే సదివితె అయిపాయె గదా!"

"కాదు" అంది అమ్మ. "గామె మీద నాకు అన్ని దినాలు కోపం రాకపోతె, గా నాలుగు పేజీలు నా మనసుకు తాకకుంటనే పోతుండె."

కాక నవ్వాడు గానీ, నేరుగా ఇంటికి పోకుండా బాపు దగ్గర ఆ పుస్తకం అడిగి తీసుకుని పోయాడు. ఆయన దాన్ని చివరిదాకా చదివాడో లేదో నాకు తెలియదు.

నేను పెద్దయ్యాక ఆ నవలను రెండుసార్లు చదివాను. అమ్మ చెప్పింది నిజమే. విందుల దగ్గర నాకూ ఆవులింతలు వచ్చాయి. ఇప్పటి పిల్లలు, ఇంత లావు పుస్తకం చదవడం దండగ కాదా అని అడిగితే, నేను అందులో గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వను. ఒకరి మీద మీకు కోపంగా ఉంటే చదవండి అంటాను. వాళ్ళకు అర్థం కాదు, నవ్వి పోతారు.

మూడేళ్ళ కింద మా ఆయన పోయాడు. మా కొడుకు కంట నీరు రాలేదు. వచ్చినవాళ్ళందరినీ కూర్చోబెట్టాడు, టెంటు వేయించాడు, అన్నీ చేశాడు. కార్యం అయిన మర్నాడు పొద్దున్నే ఇంటి వెనకకు పోయి, ఎప్పటి నుంచో పాడైపోయి ఉన్న నీళ్ళ మోటారును విప్పి ముందేసుకుని కూర్చున్నాడు. చుట్టాల్లో ఎవరో, తండ్రి పోయినా వీడికి చీమ కుట్టినట్టు లేదని గుసగుసలాడటం నా చెవిన పడింది. నేను లేచి వెనక్కి వెళ్ళాను. పీట వేసుకుని వాడి పక్కన కూర్చున్నాను. వాడు బోల్టులు విప్పి ఇస్తుంటే, ఒక్కోటీ కిరోసిన్ గుడ్డతో తుడిచి వరుసగా పెడుతూ ఉన్నాను. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. ఆ తర్వాత వాడు పానా కింద పెట్టి, నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు.